గొట్టంలో పోయిన నీరు కూడా నదిదే

నీటి సరఫరా సంస్థల వార్షిక నివేదికలు ఎక్కువగా ఒకే పద్ధతిలో నడుస్తాయి. ముందంతా సేవల వివరాలే. ఎన్ని కొత్త కనెక్షన్లు ఇచ్చారు, ఎన్ని కోట్ల లీటర్లు పంపారు, ఎన్ని ఫిర్యాదులు తీర్చారు. పర్యావరణం చివరి నాలుగు పేజీల్లో వస్తుంది: నాటిన మొక్కలు, కార్యాలయం మీద పెట్టిన సౌర పలకలు. రెండింటినీ ఇలా విడదీసి చూడటమే అసలు పొరపాటని నా అభిప్రాయం. ప్రజల డబ్బుతో నడిచే నీటి సంస్థ ప్రకృతిని ఎలా చూసుకుంటోందో తెలియాలంటే ముందు అడగాల్సింది ఒకటే: నది నుంచి తోడిన నీటిలో ఇళ్లకు చేరింది ఎంత?

నిమిషానికి ఒక్క లీటరు కారే చిల్లునే తీసుకుందాం. రోజుకు 1,440 లీటర్లు, ఏడాదికి 5 లక్షల లీటర్లకు పైమాట. రోడ్డు మీదికి ఉబికి వచ్చే లీకైతే ఎవరో ఒకరు ఫోన్ చేసి చెబుతారు. ఇలాంటిది మట్టిలోకే ఇంకిపోతూ ఏళ్ల తరబడి బయటపడదు. పోయేది పచ్చి నీరు కాదు. పటిక వేసి మడ్డి దించి, ఇసుక పొరల్లో వడకట్టి, క్లోరిన్ కలిపి, పంపులతో ఎత్తి పంపిన నీరు. వెయ్యి లీటర్లంటే ఒక టన్ను బరువు. దాన్ని 100 మీటర్ల ఎత్తుకు చేర్చాలంటే, పంపులో వృథా అయ్యే శక్తిని కూడా కలుపుకొని, సుమారు 0.4 యూనిట్ల కరెంటు కావాలి. లీకులు, దొంగ కనెక్షన్లు, తప్పు చూపే మీటర్లు అన్నీ కలిపి ప్రపంచవ్యాప్తంగా ఇలా లెక్కకు రాకుండా పోతున్న నీరు ఏడాదికి సుమారు 12,600 కోట్ల ఘనపు మీటర్లని 2019లో వచ్చిన ఒక అంచనా.

ఇది వృథాతో ఆగిపోయే సంగతి కాదు. నీళ్లు రోజుకు రెండు గంటలే వదిలే చోట, మిగతా సమయంలో గొట్టం ఖాళీగా పడి ఉంటుంది. లోపల ప్రెషర్ పడిపోగానే, ఏ చిల్లు నుంచి మంచినీరు బయటికి పోయిందో అదే చిల్లు నుంచి చుట్టూ ఉన్న మురుగు లోపలికి వస్తుంది. మళ్లీ వాల్వు తిప్పినప్పుడు ముందుగా కుళాయికి చేరేది అదే. పైగా రోజూ నిండుతూ ఖాళీ అవుతూ ఉంటే ఆ కుదుపుకు అతుకులు వదులై కొత్త లీకులు పుడతాయి. నీళ్లు చాలవని గంటల లెక్కన ఇవ్వడం, అలా ఇవ్వడం వల్ల ఇంకా ఎక్కువ నీళ్లు పోగొట్టుకోవడం, ఆ లోటు పూడ్చడానికి మరింత దూరంలో ఉన్న నది మీద కన్నేయడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. సేవా లోపం పర్యావరణ నష్టంగా మారేది ఇక్కడే. ఎక్కడో ఒక లోయ మునుగుతుంది. ఆ నది కింద బతికేవాళ్లకు నీళ్లు తగ్గుతాయి.

ఈ సుడి నుంచి బయటపడిన ఊళ్లు లేకపోలేదు. యుద్ధాల్లో చితికిపోయిన కంబోడియా రాజధాని నామ్ పెన్‌లో 1993 నాటికి పంపిన నీటిలో 72 శాతం లెక్కకు దొరికేది కాదు. ఆ ఏడాదే సంస్థ పగ్గాలు చేపట్టిన ఇంజినీరు ఏక్ సొన్ చాన్ ఇంటింటి సర్వే చేయించి, ప్రతి కనెక్షన్‌కూ మీటరు పెట్టించారు. అక్రమ కనెక్షన్లతో సంపాదిస్తున్న సొంత సిబ్బంది మీద చర్యలు తీసుకున్నారు. బిల్లు ఎగ్గొట్టే పెద్దవాళ్లను కూడా వదల్లేదు. పేదలకు కనెక్షన్ ఖర్చులో రాయితీ ఇచ్చారు. పదిహేనేళ్లు దాటేసరికి నష్టం 6 శాతం దగ్గరికి దిగింది, నీళ్లు 24 గంటలూ రావడం మొదలైంది. ఆయనకు 2006లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ మార్పులో నాకు ముఖ్యంగా తోచేది, సాంకేతికత కంటే ముందు నిజాయితీగా లెక్క రాయడం మొదలవడం.

లెక్క రాయడానికి ఉన్న పద్ధతి కూడా తేలికైనదే. ఊరిని చిన్న చిన్న జోన్లుగా విడగొట్టి, ఒక్కో జోన్‌కు నీరు ప్రవేశించే చోట మీటరు పెడతారు. రాత్రి 2 నుంచి 4 గంటల మధ్య జనం నిద్రలో ఉంటారు. అప్పుడు కూడా మీటరు గట్టిగా తిరుగుతోందంటే ఆ నీరు మట్టిలోకే పోతోందన్నమాట. టోక్యోలో సిబ్బంది రాత్రిపూట వీధుల్లో తిరుగుతూ, ఇనుప కడ్డీ ఒక కొస గొట్టానికి, రెండో కొస చెవికి ఆనించి లీకు చప్పుడు వింటారు. అక్కడ లీకేజీ 3 శాతం స్థాయికి దిగింది. అదే టోక్యో జల విభాగం 1901 నుంచి తమ నది ఎగువన అడవులను కూడా సాకుతోంది. ఇప్పుడవి 20 వేల హెక్టార్లకు పైనే. లీకు వినే మనిషినీ, అడవి కాసే మనిషినీ ఒకే సంస్థ పెట్టుకోవడం కాకతాళీయమని నేననుకోను.

ఎగువను కాపాడుకుంటే శుద్ధి ఖర్చు కూడా తగ్గుతుంది. వందల కోట్ల డాలర్ల వడపోత కేంద్రం కట్టే బదులు, న్యూయార్క్ 1997లో తనకు నీళ్లొచ్చే క్యాట్‌స్కిల్ కొండ ప్రాంత రైతులతో, పల్లెలతో ఒప్పందం చేసుకుంది. వాళ్ల పశువుల కొట్టాలు, సెప్టిక్ ట్యాంకులు బాగుచేయడానికి డబ్బు పెట్టింది. ఒప్పందం సులువుగా కుదరలేదు. అంతకు చాలా ఏళ్ల ముందు నగరపు జలాశయాల కోసం అక్కడి పల్లెలనే ఖాళీ చేయించారు, ఆ గాయం మానలేదు. ఎగువవాళ్లను కాపలాదారులుగా చూడటం నగరానికి అంత ఆలస్యంగా తెలిసొచ్చింది. జర్మనీలోని మ్యూనిక్ నగరం కూడా 1990ల మొదట్లోనే తనకు నీళ్లొచ్చే మాంగ్‌ఫాల్ లోయలో సేంద్రియ సాగుకు మారిన రైతులకు డబ్బు చెల్లించడం మొదలుపెట్టింది.

వాడిన నీటి సంగతీ అంతే. నమీబియా రాజధాని విండ్‌హోక్ 1968 నుంచి మురుగునీటిని శుద్ధి చేసి తాగునీటిలోనే కలుపుతోంది. అన్నిచోట్లా అంత దూరం పోనక్కర్లేదు. ఇసుక పొరలు కడిగిన నీటినీ, పటిక మడ్డినీ వాగులోకి వదలకుండా ఉంటే అదే మంచి మొదలు.

చిక్కు ఆదాయం దగ్గర వస్తుంది. అమ్మిన లీటర్ల మీదే బతికే సంస్థ పొదుపును మనస్ఫూర్తిగా కోరుకోలేదు. 2018 కరవులో దక్షిణాఫ్రికా నగరం కేప్‌టౌన్ మనిషికి రోజుకు 50 లీటర్ల హద్దు పెట్టింది. జనం మాట విన్నారు. 2015లో రోజుకు 120 కోట్ల లీటర్ల దాకా ఉన్న వాడకం దాదాపు 50 కోట్లకు పడిపోయింది. దాంతో పాటు సంస్థ రాబడీ పడిపోయింది. 2018 జూలైలో, ఎంత వాడినా మారని స్థిర రుసుమును కనెక్షన్ సైజును బట్టి తెచ్చారు. పొదుపు చేసినందుకు మాకు దక్కింది ఇదా అని జనం మండిపడ్డారు. గొట్టాలు, పంపులు, సిబ్బంది ఖర్చు వాడకంతో పాటు తగ్గదు కాబట్టి స్థిర రుసుము అనే ఆలోచన సరైనదే. తప్పంతా దాన్ని తెచ్చిన సమయంలో ఉంది. జలాశయాలు నిండుగా ఉన్న ఏడాదిలో, లెక్కలు జనం ముందు పెట్టి, పేద ఇళ్లకు మినహాయింపు ఇచ్చి తేవాల్సిన రుసుము అది.