సంబంధాల దగ్గర ఆరా, డాక్టరు దగ్గర దాపరికం

పెళ్లి సంబంధం అనగానే అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు ఆరా తీసే మన కుటుంబాలు, పదహారేళ్ల బిడ్డ రాత్రికి రెండు గంటలు కూడా పడుకోకుండా ఆగకుండా మాట్లాడుతూ, నెల తిరక్కముందే మంచం దిగనంతగా కుంగిపోతున్నప్పుడు, మనోవైద్యుడు ‘ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా’ అని అడిగితే తడుముకోకుండా ‘లేదండీ’ అంటున్నాయి. మేనమామ ఇలాంటి జబ్బుకే ఏళ్ల తరబడి లిథియం అనే మందు వాడుతున్న సంగతి గది దాటి బయటకు రాదు. ఈ ద్వంద్వనీతి ప్రమాదకరమైనది.

మితిమీరిన ఉద్రేకం (ఉన్మాదం), తీవ్రమైన కుంగుబాటు మారిమారి వచ్చే ఈ జబ్బు పేరు బైపోలార్ డిజార్డర్. ఇందులో వంశపారంపర్యం పాత్ర పెద్దది. జనసామాన్యంలో సుమారు ఒక శాతం మందికి వచ్చే ఈ జబ్బు, తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం 5 నుంచి 10 శాతం దాకా ఉంటుంది. అచ్చుగుద్దినట్లుండే కవలల్లో ఒకరికి వచ్చినా రెండోవారికి తప్పక రావాలని లేదు కనుక, ఇది తలరాత కాదు, ముందుజాగ్రత్తకు అందిన సమాచారం. ఎక్కువమందిలో 15 నుంచి 25 ఏళ్ల మధ్య, అదీ తరచూ కుంగుబాటుతోనే, ఈ జబ్బు బయటపడుతుంది. కుటుంబ చరిత్ర తెలియని వైద్యుడు దాన్ని మామూలు డిప్రెషన్‌గా భావించి ఆ మందులొక్కటే రాస్తే, కొందరిలో ఉన్మాద దశ ఎగదన్నుతుంది. దాచిన ఒక్క మాటకు మూల్యం చెల్లించేది ఆ బిడ్డే.

వంశం పేరు చెప్పి పసివాళ్లకు ముద్ర వేస్తారన్న భయం నిరాధారమేమీ కాదు. అమెరికాలో 1994-95, 2002-03 మధ్య పిల్లల్లో బైపోలార్ నిర్ధారణతో నమోదైన వైద్య సందర్శనలు సుమారు 40 రెట్లు పెరిగాయి. నిత్యం చిరాకుతో రగిలే పిల్లలకు 2013లో అక్కడి మనోవైద్యుల సంఘం వేరే రోగనిర్ధారణను చేర్చాల్సి వచ్చింది. ఆ తొందరపాటుకు విరుగుడు నిదానంగా, సమగ్రంగా పరీక్షించడమే తప్ప దాపరికం కాదు. కుటుంబ చరిత్రే చేతిలో లేనప్పుడు వైద్యుడు నిదానించి మాత్రం ఏం తేలుస్తాడు?

రోగి వివరాల గోప్యతను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం హక్కుగా గుర్తించింది. డాక్టరుకు చెప్పిన మాట పెళ్లిళ్ల పేరయ్యకు చేరదు. అయినా దాస్తున్నారంటే చట్టం మీద అపనమ్మకం కన్నా, పరువు మీద మమకారమే ఎక్కువ. ఎదుటివారి ఇంట ‘పిచ్చి’ ఉందేమోనని గూఢచారుల్లా వాకబు చేసే పెద్దలు, సొంత బిడ్డ వైద్యానికి అవసరమైన నిజాన్ని మింగేస్తున్నారు. పరువు కోసం పిల్లల జబ్బును ముదరబెట్టే అధికారం వారికి ఎవరిచ్చారు?