డాక్ ప్రెస్కాట్ సరిపోతాడు, లోటు మరోచోట ఉంది

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో, అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డాలస్ కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం ‘ది స్టార్’ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సెప్టెంబరు వచ్చిందంటే ఆ ఇళ్లలో ఆదివారం మధ్యాహ్నం ఒకటే వాదన. నాలుగో నంబరు జెర్సీ వేసుకునే క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరి దాడిని నడిపే ఆటగాడు) డాక్ ప్రెస్కాట్ పనికొస్తాడా, రాడా? వద్దనేవాళ్లు ప్లేఆఫ్స్ (సీజన్ చివర జరిగే నాకౌట్ మ్యాచ్‌లు) లెక్క తీస్తారు: ఏడు మ్యాచ్‌లాడితే రెండే గెలుపులు. కావాలనేవాళ్లు 2023 సీజన్ చూపిస్తారు: 36 టచ్‌డౌన్ పాస్‌లతో (బంతిని మైదానం చివరి ఎండ్‌జోన్‌కి చేర్చినవి) లీగ్‌లోనే ప్రథమ స్థానం, అత్యుత్తమ ఆటగాడి (ఎంవీపీ) ఓటింగ్‌లో లామార్ జాక్సన్ తర్వాత రెండో స్థానం. రెండూ నిజమే, కానీ వాటితో తీర్పు చెప్పలేం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. లీగ్ ఫైనల్ అయిన సూపర్‌బౌల్ గెలవడానికి కావలసినంత ఆట డాక్ దగ్గర ఉంది. ఆ అయిదు ఓటముల్లో ఒకటి పూర్తిగా అతని ఖాతాలోనే వేయాలి, ఇంకో రెండింట్లో సగం వేయాలి. మిగతావాటికి జవాబు చెప్పాల్సినవాళ్లు వేరే ఉన్నారు.

ముందుగా, గెలుపోటముల్ని క్వార్టర్‌బ్యాక్ పేరు మీద రాయడమే పెద్ద చిక్కు. 2022లో మొదటి మ్యాచ్‌లోనే డాక్ చేతి బొటనవేలు విరిగింది. అతని బదులు కూపర్ రష్ వచ్చి వరుసగా నాలుగు గెలిచాడు. డాక్ అవసరమే లేదన్నవాళ్లు అప్పుడు చాలామందే. ఆ నాలుగు మ్యాచ్‌ల్లో ప్రత్యర్థుల స్కోర్లు చూడండి: 17, 16, 10, 10. డిఫెన్స్ అలా ఆడితే క్వార్టర్‌బ్యాక్ చేయాల్సిందల్లా బంతి పోగొట్టకపోవడమే. అయిదో మ్యాచ్‌లో ఈగల్స్ 26 పాయింట్లు వేసేసరికి రష్ మూడు ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి అందుకున్న పాస్‌లు) ఇచ్చాడు, జట్టు ఓడింది. ఇదే సూత్రం డాక్‌కీ వర్తిస్తుంది. డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ఏర్పాటు) నాలుగో రౌండులో 135వ పిక్‌గా వచ్చి, వెన్ను గాయంతో అప్పటి క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో పక్కకి తప్పుకోగానే 2016లో 13 గెలుపులు, 3 ఓటములతో సీజన్ ముగించాడు కదా, ఆ ఘనతంతా అతనొక్కడిది కాదు. ముందు అతన్ని కాపాడే లైన్‌లో టైరన్ స్మిత్, ట్రావిస్ ఫ్రెడరిక్, జాక్ మార్టిన్ గోడలా నిలబడ్డారు. పక్కన బంతి పట్టుకుని ఎజికీల్ ఎలియట్ 1,631 యార్డులు పరుగెత్తాడు.

ఇక ఆ అయిదు ఓటములు. 2017 జనవరిలో గ్రీన్ బే ప్యాకర్స్ మీద డాక్ 302 యార్డులు, మూడు టచ్‌డౌన్లు విసిరాడు, జట్టు 31 పాయింట్లు చేసింది. చివరి క్షణాల్లో, 20 యార్డులు కావలసిన మూడో డౌన్‌లో (మూడో ప్రయత్నంలో) వాళ్ల క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్‌ని సైడ్‌లైన్ దగ్గర పాస్ పూర్తి చేయనిచ్చింది డిఫెన్స్. మేసన్ క్రాస్బీ 51 యార్డుల కిక్‌తో 34-31. ఇందులో డాక్‌ని అనడానికి ఏముంది? రెండేళ్ల తర్వాత రామ్స్ మన డిఫెన్స్ మీద 273 యార్డులు పరుగెత్తారు. అప్పుడు క్వార్టర్‌బ్యాక్ బెంచీ మీద కూర్చునే ఉంటాడు.

2022 జనవరిలో ఫార్టీనైనర్స్‌తో 23-17గా ఓడిన మ్యాచ్ అందరికీ గుర్తే. 14 సెకన్లు, టైమౌట్లు సున్నా, బంతి ప్రత్యర్థి 41 యార్డుల గీత మీద. కోచింగ్ బృందం పిలిచిన ప్లే క్వార్టర్‌బ్యాక్ డ్రా, అంటే డాక్ స్వయంగా మధ్యలోంచి పరుగెత్తాలి. 17 యార్డులు పరుగెత్తి కింద జారాడు. నిబంధన ప్రకారం తర్వాతి స్నాప్‌కి (సెంటర్ ఆటగాడు బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడానికి) ముందు బంతిని అధికారి తన చేతులతో గీత మీద పెట్టాలి. డాక్ బంతిని అధికారికి కాకుండా సెంటర్‌కి అందించాడు. వెనకనుంచి ఉరుకుతూ వచ్చిన అంపైర్ ఆటగాళ్లను తోసుకుని బంతిని తాకి పెట్టేసరికి గడియారం అయిపోయింది. పొరపాటు రెండు చోట్ల జరిగింది. అంత తక్కువ సమయంలో ఆ ప్లే పిలవడం కోచ్‌లది. పరుగు పది యార్డుల దగ్గరే ఆపకపోవడం, బంతిని అంపైర్‌కి ఇవ్వకపోవడం డాక్‌వి. అదే మ్యాచ్‌లో జట్టు మీద పడ్డ పెనాల్టీలు 14. ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

మరుసటి ఏడాది అదే జట్టు మీద 19-12 ఓటమిని మాత్రం డాక్ ఖాతాలోనే వేయాలి. డిఫెన్స్ 19 పాయింట్లే ఇచ్చింది. జనవరిలో అంతకన్నా ఏం అడుగుతాం? డాక్ 37 పాస్‌లలో 23 పూర్తి చేసి 206 యార్డులు, ఒక టచ్‌డౌన్, రెండు ఇంటర్‌సెప్షన్లు. రెండో ఇంటర్‌సెప్షన్ ప్రత్యర్థి ఎండ్‌జోన్‌కి చేరువలో, గుంపు మధ్యలోకి విసిరినది. కనీసం ఫీల్డ్ గోల్‌తో మూడు పాయింట్లు వచ్చే చోట సున్నా మిగిలింది.

2024 జనవరి ప్యాకర్స్ మ్యాచ్ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే గణాంకాలు మనల్ని ఎక్కడ మోసం చేస్తాయో అది బాగా చూపిస్తుంది. ఆ రోజు డాక్ 60కి 41 పాస్‌లు, 403 యార్డులు, మూడు టచ్‌డౌన్లు, రెండు ఇంటర్‌సెప్షన్లు. క్వార్టర్‌బ్యాక్ పాస్‌లకి వేసే మార్కు, పాసర్ రేటింగ్, నాలుగు ముక్కల మొత్తం. పూర్తయిన పాస్‌ల నిష్పత్తి 0.683 నుంచి 0.3 తీసి 5తో గుణిస్తే 1.917. ప్రయత్నానికి వచ్చిన 6.717 యార్డుల నుంచి 3 తీసి నాలుగోవంతు చేస్తే 0.929. టచ్‌డౌన్ల నిష్పత్తిని 20తో గుణిస్తే 1.0. ఇంటర్‌సెప్షన్ల నిష్పత్తిని 25తో గుణించి 2.375లోంచి తీసేస్తే 1.542. అన్నీ కూడి ఆరుతో భాగించి వందతో గుణిస్తే 89.8. చూడటానికి మర్యాదగానే ఉంది. అసలు జరిగిందేమిటి? మొదటి సగంలో ఒక దశలో ప్యాకర్స్ 27-0 ఆధిక్యంలో ఉన్నారు. అందులో వాళ్ల డార్నెల్ శావేజ్ డాక్ పాస్‌ని మధ్యలో అందుకుని 64 యార్డులు పరుగెత్తి వేసిన టచ్‌డౌన్ కూడా ఉంది. ఆ తర్వాత ప్యాకర్స్ గడియారం కరిగితే చాలనుకుని చిన్న పాస్‌లు వదిలేశారు. వన్డేలో ఛేజింగ్‌కి దిగి 40కి ఆరు వికెట్లు పోయాక ఏడో వికెట్‌కి వచ్చే అర్ధసెంచరీ లాంటివే ఆ యార్డులు. పోల్చి చూస్తే 19-12 ఓటమిలో రేటింగ్ 63.6. అంటే మ్యాచ్ చివరి దాకా చేతిలో ఉన్న రోజుకి తక్కువ మార్కులు, మొదటి గంటలోనే చేజారిన రోజుకి ఎక్కువ మార్కులు. అందుకే సగం తప్పు డాక్‌దంటాను. మిగతా సగం, సొంత మైదానంలో 48 పాయింట్లు ఇచ్చిన డిఫెన్స్‌ది.

ఇంటర్‌సెప్షన్ల సంఖ్య కూడా నమ్మదగ్గది కాదు. 2022లో 12 మ్యాచ్‌లలో 15, మరుసటి ఏడాది 17 మ్యాచ్‌లలో 9. ఒక్క ఏడాదిలో మనిషి అంతగా మారడు. రిసీవర్ చేతికి తగిలి ఎగిరిన బంతి, రిసీవర్ తప్పు మలుపు తిరిగిన బంతి, క్వార్టర్‌బ్యాక్ చూడకుండా విసిరిన బంతి, మూడూ ఒకే గడిలో పడతాయి. మూడో రకాన్ని విడిగా లెక్కపెట్టాలంటే స్నాప్‌కి ముందు సేఫ్టీలను, అంటే డిఫెన్స్‌లో అందరికన్నా వెనక నిలబడేవాళ్లను, గమనించాలి. వెనక ఇద్దరున్నారా, మధ్యలో ఒక్కడే ఉన్నాడా? డాక్ అది చూసి లైన్‌కి సూచనలిస్తాడు. మంచి డిఫెన్స్ స్నాప్ పడగానే ఇద్దర్ని ఒకటిగా, ఒకణ్ణి ఇద్దరుగా మార్చేస్తుంది. అప్పుడు బంతి రెండున్నర సెకన్లలో వెళ్లిందా, డాక్ ఒక్క అడుగు తడబడ్డాడా అన్నదే అసలు పరీక్ష. కుడిచేతి వాటం కాబట్టి ఎడమ పాదం లక్ష్యం వైపు తిరగాలి. ఒత్తిడి మధ్యలోంచి వచ్చి బరువు వెనక కాలు మీదే ఉండిపోతే బంతి పైకి తేలిపోతుంది. టీవీలో సేఫ్టీలు కనిపించరు. ఆర్లింగ్టన్ స్టేడియంలో పై అంతస్తు సీట్లోంచి కనిపిస్తారు, లేదా ఎన్ఎఫ్ఎల్ ప్లస్ ప్రీమియంలో ఆల్-22 ఫిల్మ్ (మైదానంలోని 22 మందీ కనిపించే వీడియో) చూడాలి.

కాళ్ల విషయం దాచడానికి లేదు. మొదటి మూడు సీజన్లలో ఏటా ఆరేసి టచ్‌డౌన్లు పరుగెత్తి వేశాడు. 2020 అక్టోబరులో చీలమండ విరిగింది, 2024 నవంబరులో తొడ వెనక కండరానికి ఆపరేషన్ అయింది. ఇప్పుడు లైన్ కాపాడే చోటు, అంటే పాకెట్‌లోంచి తప్పించుకుని సాగే పాత డాక్‌ని ఆశించకూడదు. కాబట్టి ముందున్న లైన్ గట్టిగా ఉండటం అప్పటికన్నా ఇప్పుడే ఎక్కువ అవసరం.

డబ్బు గురించి వాదించేవాళ్ల కోపం న్యాయమే, గురి మాత్రం తప్పింది. 2024 సెప్టెంబరులో డాక్‌కి ఇచ్చిన ఒప్పందం నాలుగేళ్లకి 240 మిలియన్ డాలర్లు, ఏడాదికి 60. ఆ ఏడాది జట్టు మొత్తం జీతాలకి లీగ్ పెట్టిన పరిమితి, సాలరీ క్యాప్, 255.4 మిలియన్లు. ధర అంత పెరగడానికి కారణం ఆలస్యం. 2019లో రామ్స్ క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్ ఏడాదికి 33.5 మిలియన్లకి సంతకం పెట్టినప్పుడే డాక్‌తో తేల్చేసి ఉండాల్సింది. సాగదీసి 2021లో 40 ఇచ్చారు. ఆ ఒప్పందంలో ఫ్రాంచైజీ ట్యాగ్ (ఒప్పందం ముగిసినా ఆటగాణ్ణి మరో ఏడాది ఆపుకునే హక్కు) వేయకూడదన్న షరతు కూడా ఒప్పుకున్నారు. అది చివరి ఏడాదికి వచ్చేదాకా మళ్లీ చేతులు ముడుచుకుని కూర్చున్నారు. మొదటి మ్యాచ్ రోజు పొద్దున బేరం ఎవరి చేతిలో ఉంటుంది? ఇప్పుడు ఏటా చేసే సర్దుబాటు కూడా అప్పులాంటిదే. 40 మిలియన్ల జీతాన్ని బోనస్‌గా మారిస్తే అయిదేళ్లకి 8 చొప్పున పద్దులో పడుతుంది. ఈ ఏడాది 32 మిలియన్ల చోటు దొరుకుతుంది, అదే 32 రాబోయే ఏళ్ల నెత్తిన ఉంటుంది.

ఆ దొరికిన చోటుని దేనికి వాడారన్నది అడగాలి. 2018లో రిసీవర్ (పాస్‌లు అందుకునే ఆటగాడు) అమారీ కూపర్‌ని తెచ్చుకునేనాటికి జట్టు 3 గెలుపులు, 4 ఓటములు; సీజన్ ముగిసేసరికి 10-6. సరైన మనిషి వస్తే డాక్ ఏం చేయగలడో అప్పుడే తెలిసింది. 2025లో మరో రిసీవర్ జార్జ్ పికెన్స్ వచ్చాక మళ్లీ తెలిసింది. రోమో పేరున ఉన్న ఫ్రాంచైజీ పాసింగ్ యార్డుల రికార్డునీ ఆ సీజన్‌లోనే డాక్ దాటేశాడు. కానీ మొదటి మ్యాచ్‌కి వారం ముందు డిఫెన్స్‌లో మేటి ఆటగాడు మైకా పార్సన్స్‌ని ప్యాకర్స్‌కి ఇచ్చేశారు. నెల తిరిగేసరికి అదే ప్యాకర్స్ మీద 40 పాయింట్లు చేసి కూడా గెలవలేకపోయారు, 40-40తో సమానం. సీజన్ 7 గెలుపులు, 9 ఓటములు, ఒక సమం. లీగ్‌లో అందరికన్నా ఎక్కువ పాయింట్లు ఇచ్చిన డిఫెన్స్ మనదే.

డాక్‌ని మార్చాలనేవాళ్లు ఎవరితో మార్చాలో చెప్పాలి. ఒప్పందంలో అతని అంగీకారం లేకుండా ట్రేడ్ చేయకూడదన్న షరతు ఉంది. ఏడెనిమిది గెలుపుల జట్టుకి డ్రాఫ్ట్‌లో మేటి క్వార్టర్‌బ్యాక్ దగ్గరికి చేరే పిక్ రాదు, రావాలంటే డిఫెన్స్‌కి వాడాల్సిన పిక్స్ అన్నీ ధారపోయాలి. 1995 సీజన్ తర్వాత ఈ జట్టు ఎన్ఎఫ్సీ ఫైనల్ (సూపర్‌బౌల్‌కి ముందు మెట్టు) కూడా చూడలేదు. అందులో ఇరవై ఏళ్లు డాక్ ఇంకా రానేలేదు. జట్టు యజమాని జెర్రీ జోన్స్ కుటుంబం మార్చిలో ఫ్రీ ఏజెన్సీ (ఒప్పందం ముగిసిన ఆటగాళ్లను కొనే సమయం) తెరుచుకున్న మొదటి వారంలోనే ఒక సేఫ్టీకి, ఒక లైన్‌బ్యాకర్‌కి, అంచునుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకే ఒక ఎడ్జ్ ఆటగాడికి డబ్బు ఖర్చు పెట్టాలి. ఇంతకాలం చేసినట్టు మంచివాళ్లంతా వెళ్లిపోయాక మిగిలినవాళ్లని ఏడాది ఒప్పందాల మీద తెచ్చి సరిపెట్టడం ఇక చాలు.