స్కూల్ మీట్లలో డిస్‌క్వాలిఫికేషన్ ఎత్తేయాలట!

విశాఖలో స్కూల్ గేమ్స్ సీజన్ మొదలైందంటే పేరెంట్స్ వాట్సాప్ గ్రూపుల్లో ఏదో ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది. ఈసారి తిరుగుతున్నది కాస్త పొడవైనది. సారాంశం ఇదీ: ‘స్కూలు పిల్లల అథ్లెటిక్స్‌లో డిస్‌క్వాలిఫై చేయడమనేదే ఉండకూడదు. ముందొచ్చినవాడే విజేత. గీత తొక్కాడనీ, సంబరం చేసుకున్నాడనీ పతకం లాక్కోవడం దుర్మార్గం. అమెరికాలో ఓ అమ్మాయి బూట్ల మీద ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ కొట్టుకుందని ఆమె గెలుపు రద్దు చేశారు. టెక్సాస్‌లో దేవుడికి దండం పెట్టినందుకు ఒక కుర్రాడి టీమ్ మొత్తాన్ని తీసేశారు. మన వైజాగ్ అమ్మాయి జ్యోతి యర్రాజికే చైనాలో రెడ్ కార్డ్ చూపించారు. ఒక్క తప్పుకి పిల్లల భవిష్యత్తు నాశనం చేసే హక్కు ఎవరికీ లేదు. వయసులో ఆరు నెలల తేడాకి ఇంటికి పంపేస్తారా?’ చివర్లో మామూలే, ‘ప్రతి తల్లీ తండ్రీ షేర్ చేయాలి’.

ట్రాక్ వంపు దగ్గర పసుపు జెండా పట్టుకుని నిలబడే అంపైర్లలో నేనూ ఒకణ్ని. కాబట్టి నాకు ఏ పక్షమూ లేదని చెప్పను. ఫార్వర్డ్‌లో చెప్పిన సంఘటనలు చాలావరకు జరిగినవే. వాటిని ఒకదానితో ఒకటి కలగాపులగం చేసి, చివర్లో వాటికి సంబంధం లేని ముగింపు తగిలించడమే ఇక్కడ జరిగింది.

గీత సంగతితో మొదలుపెడతాను. ఎక్కువమంది నమ్మేది దీన్నే. గాజువాక నుంచి వచ్చిన ఒక తండ్రి నన్ను అడిగింది కూడా ఇదే: ‘ఏటి మాస్టారూ, అంగుళం లోపలికెళ్తే కొంపలు మునిగిపోతాయా?’

అంగుళానికి మునిగిపోవు. రూల్ కూడా అలా అనడం లేదు. వరల్డ్ అథ్లెటిక్స్ 2021లో చేసిన సవరణ ప్రకారం వంపులో లోపలి గీతను ఒక్కసారి తొక్కినంత మాత్రాన డిస్‌క్వాలిఫై చేయరు. రెండోసారి తొక్కితేనే చిక్కు. పక్కవాళ్లు తోస్తే గీత దాటి, దానివల్ల లాభమేమీ పొందకపోతే అసలు తప్పే కాదు. ఈ సంగతి చాలామంది పేరెంట్స్‌కి తెలియదు. నిజం చెప్పాలంటే కొందరు పీఈటీలకూ (వ్యాయామ టీచర్లకూ) తెలియదు. పాత రూల్‌నే పట్టుకుని, మొదటి అడుగుకే జెండా ఎత్తేవాళ్లు మాలో ఇంకా ఉన్నారు. ఫార్వర్డ్ రాసినాయన కోపం వాళ్ల మీదైతే నేనూ ఆయన పక్కనే నిలబడతాను.

కానీ ఆయన అనేది అది కాదు, లేన్ రూల్ అసలు వద్దంటున్నాడు. లెక్క చూద్దాం. లేన్ వెడల్పు 1.22 మీటర్లు. వంపు అర్ధవృత్తం. ఆ వంపంతా ఒక లేన్ లోపలికి జరిగి పరుగెత్తితే దాదాపు 3.8 మీటర్ల దూరం కలిసొస్తుంది. అసలైన 400 మీటర్ల ట్రాక్ అయినా, స్కూల్ గ్రౌండ్‌లో అదే వెడల్పుతో సున్నం పోసి గీసిన 200 మీటర్ల ట్రాక్ అయినా లెక్క ఒకటే. సగం లేన్ జరిగితే 1.9 మీటర్లు. సెకనుకు 7 మీటర్లు పరుగెత్తే పిల్లకి అది పావు సెకనుకు పైనే. జిల్లా మీట్ ఫైనల్లో రెండో స్థానానికీ మూడో స్థానానికీ మధ్య తేడా తరచుగా అంత కూడా ఉండదు. రెండో స్థానం దాకానే సెలక్షన్ అయితే ఆ పావు సెకను ఎవరిది? తన లేన్‌లో బుద్ధిగా పరుగెత్తి మూడో స్థానంలో వచ్చిన పిల్లది. అంత పొడవు ఫార్వర్డ్‌లో ఆ పిల్ల గురించి ఒక్క వాక్యం లేదు. పతకం పోయిన పిల్ల ఏడుపు వీడియోలో పడుతుంది. రావలసినది రాని పిల్ల ఏ వీడియోలోనూ ఉండదు.

ఇంకో మాట. స్కూల్లో ఈ రూల్స్ వద్దంటే పిల్లలు వాటిని ఎక్కడ నేర్చుకోవాలి? 1986 సియోల్ ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో షైనీ అబ్రహాం తన లేన్‌ని ముందే వదిలేసినందుకు డిస్‌క్వాలిఫై అయ్యారు. 2018 జకార్తాలో 10,000 మీటర్లలో గోవిందన్ లక్ష్మణన్ మూడో స్థానంలో వచ్చి, ట్రాక్ లోపలి అంచు దాటి అడుగు వేసినందుకు కాంస్యం పోగొట్టుకున్నాడు. అంత పెద్ద అథ్లెట్లకే ఇది తప్పలేదు. మండల స్థాయిలో లేన్ ముందే వదిలిన పిల్లాడికి ఆ రోజు సాయంత్రం దాకా ఏడుపు, ఆసియా క్రీడల్లో వదిలితే జీవితాంతం గుర్తుండే దెబ్బ. 2023లో చైనాలోని హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఇదే లేన్ రూల్ కింద శ్రీలంక జట్టు డిస్‌క్వాలిఫై అయితే 4x400 మిక్స్‌డ్ రిలేలో మన కాంస్యం రజతమైంది. ఆ రోజు రూల్ దుర్మార్గమని ఎవరూ ఫార్వర్డ్ పంపలేదు.

రిలేలో బ్యాటన్ గొడవ కూడా ఇలాంటిదే. 4x100లో బ్యాటన్ మార్చుకునే జోన్ 30 మీటర్లు. లెక్కలోకి వచ్చేది బ్యాటన్ ఎక్కడుందన్నదే. కాలు ఎక్కడుందన్నది కాదు. దీని మీద పేరెంట్స్ నాతో వాదించినంతగా మరి దేని మీదా వాదించలేదు.

ఇక అమెరికా అమ్మాయి. ఇక్కడ ఫార్వర్డ్‌తో సగం దూరం నడుస్తాను. 2025లో కాలిఫోర్నియా రాష్ట్ర హైస్కూల్ పోటీల్లో 400 మీటర్లు 53.24 సెకన్లలో గెలిచిన 16 ఏళ్ల అమ్మాయి, ట్రాక్ పక్కన గడ్డి మీదికి వెళ్లి, బూట్ల మీద ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ కొట్టుకుంది. బూట్లు వేడెక్కి మంటలొస్తున్నాయన్నట్టు. ఈ విద్య ఆమె కనిపెట్టింది కాదు. 2004లో అమెరికా స్ప్రింటర్ మోరిస్ గ్రీన్ ఇలాగే చేయించుకున్నాడు. నిర్వాహకులు దాన్ని క్రీడాస్ఫూర్తికి విరుద్ధమైన ప్రవర్తనగా లెక్కగట్టి 400 ఫలితం రద్దు చేశారు, 200 ఫైనల్‌కి కూడా దిగనివ్వలేదు. నన్నడిగితే ఇది అతి. ఎవర్నీ వెక్కిరించలేదు, ఎవరి దారికీ అడ్డం రాలేదు. పిలిచి, గట్టిగా ఒక మాట చెప్పి వదిలేస్తే సరిపోయేది.

అలాగని ‘సంబరాల రూల్ మొత్తం బూటకం’ అనేస్తే ఎలా? 2024 పారిస్ పారాలింపిక్స్ గుర్తుందా? ఎఫ్41 (పొట్టిగా ఉండే అథ్లెట్ల విభాగం) జావెలిన్‌లో మన నవదీప్ సింగ్ 47.32 మీటర్లు విసిరాడు. ఇరాన్ అథ్లెట్ 47.64 విసిరి ముందున్నాడు. కానీ ఆ ఇరాన్ అథ్లెట్ అనుచితంగా ప్రవర్తించాడు, అనుమతి లేని జెండా కూడా ప్రదర్శించాడు. ఒక పసుపు కార్డు, తర్వాత ఇంకొకటి, అవి రెండూ కలిసి ఎర్ర కార్డు. నవదీప్ రజతం స్వర్ణమైంది. మన గ్రూపుల్లో ఆ రాత్రి ఎన్ని జెండా ఎమోజీలు పడ్డాయో నేనూ చూశాను. అదే రూల్ ఇప్పుడు దుర్మార్గమైందా?

రెండు సంఘటనలకూ ఉన్న తేడా ఫార్వర్డ్ రాసినవాళ్లకి పట్టలేదు. పారిస్‌లో ముందు హెచ్చరిక ఉంది, తర్వాతే వేటు. కాలిఫోర్నియాలో ఒకేసారి వేటు. కనుక అడగాల్సింది హెచ్చరిక కార్డు. రూల్ రద్దు చేయమని కాదు. 2010లో కాలిఫోర్నియాలోనే ఒక పోల్ వాల్ట్ అమ్మాయి చేతికి దారం కంకణం ఉందని డిస్‌క్వాలిఫై చేస్తే, దాంతో ఆమె టీమ్ చేతికొచ్చిన టైటిల్ పోయింది. నగలు వేసుకోకూడదన్న ఆ రూల్‌ని అమెరికా హైస్కూల్ ట్రాక్ పుస్తకం నుంచి 2014లో తీసేశారు. అనవసరమైన రూల్ ఒక్కటే పోయింది. పుస్తకం అలాగే ఉంది.

టెక్సాస్ దండం కథ త్వరగా తేల్చేస్తాను. 2013లో 4x100 రిలే ఆఖరి రన్నర్ గీత దాటుతూ వేలు పైకెత్తాడు. టీమ్ డిస్‌క్వాలిఫై అయింది. ఇది నిజం. కానీ ఆ రాష్ట్ర స్కూల్ క్రీడల సంస్థ విచారించి, మతభావం చూపినందుకు వేటు వేశారనడానికి ఆధారం దొరకలేదని తేల్చింది. కుర్రాడు అమర్యాదగా ప్రవర్తించాడన్నది మీట్ అధికారి చెప్పిన కారణం. అది సంతోషంతో చేసిన సైగేనని కుటుంబం కూడా తర్వాత చెప్పింది. వేటు సబబా కాదా అని వాదించుకోవచ్చు, నాకూ సబబనిపించదు. అయితే ‘దేవుడికి దండం పెట్టినందుకు’ అని రాసి ఊళ్లో పంచడం మాత్రం అబద్ధం పంచడమే.

అసలు నాకు ఒళ్లు మండింది జ్యోతి పేరు వాడినందుకు. పోర్ట్ హైస్కూల్‌లో చదివిన పిల్ల, తండ్రి సెక్యూరిటీ గార్డు. ఈ ఊళ్లో హర్డిల్స్ మొహం చూడని ఇళ్లలో కూడా ఆమె పేరు తెలుసు. ‘మనవాళ్లను తొక్కడానికే రూల్స్’ అనడానికి ఆమెను సాక్ష్యంగా తేవడమంటే జరిగిన కథను తలకిందులు చేయడమే.

2023 అక్టోబర్ 1న హాంగ్‌జౌలో 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. చైనా రన్నర్ వూ యాన్నీ గన్ పేలకముందే కదిలింది. ఆమెను చూసి పక్కనే ఉన్న జ్యోతి కూడా కదిలింది. అధికారులు ఇద్దరికీ రెడ్ కార్డ్ చూపించారు. ఫార్వర్డ్ ఇక్కడితో ఆపేసింది. జ్యోతి అక్కడితో ఆగలేదు. ట్రాక్ వదలకుండా వాదించింది, వీడియో చూడమంది. చివరికి ఇద్దర్నీ ప్రొటెస్ట్ కింద పరుగెత్తనిచ్చారు. అంటే ముందు రేసు, తీర్పు తర్వాత. జ్యోతి 12.91 సెకన్లలో మూడోదిగా వచ్చింది. ఆ తర్వాత వూ యాన్నీని డిస్‌క్వాలిఫై చేశారు, జ్యోతికి రజతం వచ్చింది.

ఇందులో జ్యోతిని కాపాడింది ఏమిటి? రూలే. ఒకరు ముందు కదిలితే చూసి మిగతావాళ్లూ కదలడం సహజమనీ, అలాంటప్పుడు ఫాల్స్ స్టార్ట్‌కి కారణమైనవాళ్లనే శిక్షించాలనీ రూల్ పుస్తకంలోనే ఉంది. ప్రొటెస్ట్ కింద పరుగెత్తే వీలు కూడా అందులోదే. ఫార్వర్డ్ కోరినట్టు డిస్‌క్వాలిఫికేషనే లేకపోతే ఆ రోజు వూ యాన్నీ రెండో స్థానం ఆమెకే ఉండేది, జ్యోతికి కాంస్యమే మిగిలేది. అన్యాయం చేసినవాళ్లు రూల్‌ని తప్పుగా చదివిన అధికారులు. వాళ్లను సరిదిద్దింది రూల్ తెలిసిన అథ్లెట్.

‘ఒక్క తప్పుకి భవిష్యత్తు నాశనం’ అన్న మాటకీ ఆమె కథే జవాబు. 2020లో మూడబిద్రిలో యూనివర్సిటీ మీట్‌లో ఆమె 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరుగెత్తింది. అప్పటికి జాతీయ రికార్డు 13.38. కానీ అక్కడ డోప్ పరీక్ష జరగలేదు, రికార్డు లెక్కలోకి రాలేదు. 2022లో కోజికోడ్‌లో 13.09. ఈసారి వెనక నుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు, అనుమతించేది 2.0. మళ్లీ లెక్కలోకి రాలేదు. సెకనుకు పది సెంటీమీటర్ల గాలి! ఆమె తప్పు ఏ కొంచెమూ లేదు. అదే ఏడాది మే నెలలో సైప్రస్‌లో 13.23 పరుగెత్తి రికార్డు తన పేర రాయించుకుంది. తర్వాత దాన్ని 12.78కి దించింది. గాలి మీద, డోప్ పరీక్ష మీద ఉన్న నిబంధనలు తీసేయమని ఆమె ఎప్పుడైనా అన్నట్టు నేను వినలేదు.

వయసు సంగతి మీద కూడా ఫార్వర్డ్‌లో ఒక ముక్క ఉంది, ‘ఆరు నెలల తేడాకి ఇంటికి పంపేస్తారా’ అని. స్కూల్ గేమ్స్‌లో అండర్ 14, 17, 19 అని విభజించిందే ఆ తేడా కోసం. పదహారేళ్లవాడితో పదమూడేళ్లవాణ్ని పరుగెత్తించి ‘ముందొచ్చినవాడే విజేత’ అంటే వినడానికి కూడా బాగోదు.

మరి మన మీట్లలో అంతా బాగుందా? లేదు. వంపు దగ్గర అంపైర్ లేకుండానే హీట్స్ నడిచిపోతుంటాయి. పోటీలో ఉన్న స్కూల్ పీఈటీనే అంపైర్‌గా నిలబెడతారు. మైకులో ‘లేన్ నంబర్ నాలుగు డిస్‌క్వాలిఫైడ్’ అంటారు తప్ప ఏ రూల్ కింద అని చెప్పరు. సంబరాల విషయంలో కార్డు ఊసే ఉండదు, రిఫరీ మూడ్‌ని బట్టి ఒకసారి నవ్వు, ఒకసారి వేటు. వీటిలో ఒక్కదాని మీదైనా ఆ ఫార్వర్డ్ రాసి ఉంటే నేనే నాలుగు గ్రూపుల్లో పెట్టేవాణ్ని.

మీ అబ్బాయికో అమ్మాయికో రేపు ఇలా జరిగితే వెంటనే స్టేటస్ పెట్టకండి. అంతర్జాతీయ రూల్ ప్రకారం ఫలితం అధికారికంగా ప్రకటించిన 30 నిమిషాల్లోపు రిఫరీకి ప్రొటెస్ట్ చెప్పాలి. అక్కడ తేలకపోతే జ్యూరీకి రాతపూర్వకంగా, డిపాజిట్ కట్టి అప్పీల్ చేయాలి. మన మీట్‌లో గడువెంత, ఫీజెంత, జ్యూరీలో ఎవరున్నారు అన్నవి ముందే సర్క్యులర్‌లో ఉండాలి. లేకపోతే ఎంట్రీ ఫారం ఇచ్చే రోజే మీ పీఈటీ గారి చేత అడిగించండి. ఏ రూల్ కింద, ఏ వంపులో, ఎన్నో అడుగుకి అన్నది రాసిమ్మని అడగండి. వీడియో తీసేవాళ్లు వంపు పక్క నుంచి కాకుండా లేన్ గీత నేరుగా కనిపించేలా తీయండి. పక్క నుంచి తీసిన వీడియో చూసి కాలు గీత మీద పడిందో, పక్కన పడిందో నేను కూడా చెప్పలేను.