మినహాయిస్తే సరిపోతుందా?

2024 జులైలో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన పాతిక మంది దివ్యాంగ విద్యార్థులు జేఈఈ ర్యాంకులు తెచ్చుకుని కూడా ఐఐటీ, ఎన్‌ఐటీల్లో చేరలేని స్థితిలో పడ్డారు. ఇంటర్మీడియట్‌లో సెకండ్ లాంగ్వేజ్ రాయనక్కర్లేదని ప్రభుత్వమే వారికి మినహాయింపు ఇచ్చింది. మెమోలో ఆ సబ్జెక్టు ఎదుట మార్కులకు బదులు ‘ఈ’ అనే ఇంగ్లిషు అక్షరం పడింది. సీట్లు కేటాయించే జోసా నిబంధనలేమో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, ఒక భాష, వీటికి తోడు మరేదైనా ఒక సబ్జెక్టు, మొత్తం ఐదింట్లో పాసై ఉండాలంటాయి. అప్పటి మన ఎంపీసీలో ఆ ‘మరేదైనా’ అంటే రెండో భాషే. దాన్ని తీసేశాక పిల్లల చేతిలో మిగిలినవి నాలుగే. ఏ వెసులుబాటు వాళ్ల మేలు కోసం ఇచ్చారో అదే అడ్డం తిరిగింది.

ఒక విద్యార్థి వాట్సాప్‌లో మంత్రి నారా లోకేశ్‌కు మొర పెట్టుకున్నాడు. ప్రభుత్వం జీవో ఇచ్చి, ఆ సబ్జెక్టుకు కనీస ఉత్తీర్ణత మార్కులు వేయించి కొత్త మెమోలు ఇప్పించింది. పిల్లలకు సీట్లు దక్కాయి. కౌన్సెలింగ్ గడువు ముంచుకొస్తున్న వేళ ఫైలు అంత చురుగ్గా కదలడం మనసారా అభినందించదగ్గ విషయం. కానీ మంత్రి దాకా మాట చేరవేయలేని పిల్లవాడు ఎవరికి చెప్పుకోవాలి?

మినహాయింపే తప్పు అనేవాళ్లూ ఉన్నారు. అందరికీ ఒకటే కొలత ఉండాలన్నది వారి వాదన. దానితో మేము ఏకీభవించం. పుట్టుకతో వినికిడి లేని పిల్లకు సంజ్ఞల భాషే మొదటి భాష. ఆమె తెలుగును, ఇంగ్లిషును కళ్లతో చదివి మాత్రమే నేర్చుకుంటుంది. డిస్లెక్సియా ఉన్న పిల్లవాడికి లెక్క మనసులో తేలిపోతుంది, ప్రశ్న చదవడమే గండం. ఇలాంటి పిల్లల మీద ఇంకో భాష మోపితే తెలిసేది వాళ్ల వైకల్యమే తప్ప వాళ్ల ప్రతిభ కాదు. అందుకే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ అదనపు సమయాన్నీ, స్క్రైబ్‌నీ (విద్యార్థి చెబుతుంటే జవాబులు రాసిపెట్టే సహాయకుణ్ని), రెండో మూడో భాషల మినహాయింపునూ ప్రభుత్వాల బాధ్యతగా పేర్కొంది. ఇందులో దయాదాక్షిణ్యాల ప్రసక్తి లేదు.

అయితే అదే సెక్షన్ పాఠ్యప్రణాళికను కూడా తగినట్టు మార్చమంది. మనవాళ్లు తీసేయడం దగ్గరే ఆగిపోయారు, ఆ స్థానంలో ఏం చదివించాలో ఆలోచించలేదు. సీబీఎస్‌ఈలో దివ్యాంగ విద్యార్థి ఒక భాషతో సరిపెట్టుకుని మిగతా చోట సంగీతం, చిత్రలేఖనం వంటివి తీసుకునే వీలుంది. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ సబ్జెక్టులను ఎంచుకోనివ్వడమే కాదు, పరీక్ష గట్టెక్కడానికి ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలిస్తుంది. మన ఇంటర్ గ్రూపులు మాత్రం అప్పట్లో బిగించి కట్టిన మూటలు. ఒకటి లాగేస్తే ఆ ఖాళీలో పెట్టడానికి ఇంకొకటి ఉండేది కాదు.

రాయని పరీక్షకు మార్కులు వేయడం ఆపద్ధర్మంగా సరే. ఏటా అదే పద్ధతిగా సాగితే పిల్లలకే నష్టం. ఐఐటీ ప్రవేశానికి దివ్యాంగ విద్యార్థికి ఇంటర్‌లో 65 శాతమైనా రావాలి, లేదంటే తమ బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఐదు సబ్జెక్టులకు వందేసి మార్కులనీ, మినహాయించిన దానికి 35 అనీ అనుకుని లెక్కకట్టండి. మిగతా నాలుగింట్లో సగటున 72.5 తెచ్చుకుంటేనే ఆ 65 అందుతుంది. తాను రాయనే రాయని సబ్జెక్టు ఆ పిల్లవాణ్ని కిందికి లాగుతుందన్నమాట. నిజంగా చదివి, నిజంగా రాసి మార్కులు తెచ్చుకునే ప్రత్యామ్నాయ సబ్జెక్టు ఒక్కటే దీనికి మందు. అది కంప్యూటర్ కావచ్చు, సంగీతం కావచ్చు. దాని వల్ల ‘ఊరికే పాస్ చేశారు’ అన్న మాట పడాల్సిన అవసరమూ తప్పుతుంది.

పదో తరగతిలో కొన్ని రకాల వైకల్యాలున్నవారికి పాస్ మార్కు తగ్గించి ఇస్తున్న సౌకర్యాన్నీ ఈ దృష్టితోనే చూడాలి. మార్కు తగ్గించడానికి ఒక ఉత్తర్వు చాలు, పైసా ఖర్చు లేదు. బ్రెయిలీ పుస్తకం బడి తెరిచిన రోజే చేతికివ్వాలన్నా, సంజ్ఞల భాష వచ్చిన టీచరును వేయాలన్నా డబ్బు కావాలి, పట్టుదల కావాలి. ప్రత్యేక విద్యార్థులు ప్రాథమిక స్థాయిలో పది మందికి, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలని 2021లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిపే భవిత కేంద్రాన్ని మండలానికొకటి చూపించి ఆ బాధ్యత తీరిందనుకుంటే కుదరదు. చదువు చెప్పకుండా గీత తగ్గించుకుంటూ పోతే పిల్లవాడికి దక్కేది కాగితమే.

స్క్రైబ్ విషయంలోనూ పాత అలవాట్లు వదలాలి. రైటర్స్ క్రాంప్ (రాసేటప్పుడు చేతి కండరాలు బిగుసుకుపోయే సమస్య) ఉన్న సివిల్స్ అభ్యర్థి కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, స్క్రైబ్ పొందడానికి 40 శాతం వైకల్యం ఉండి తీరాలన్న షరతు చెల్లదని తేల్చింది. అదే ఏడాది నవంబరులో, డిస్‌గ్రాఫియా (చేత్తో రాయడంలో ఇబ్బంది) ఉన్న నీట్ విద్యార్థినికి అదనపు సమయం ఇవ్వకపోవడాన్ని తప్పుపట్టింది. వైకల్య శాతాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌లో శాతం చాలలేదని పదో తరగతి పిల్లవాణ్ని వెనక్కి పంపే అధికారం ఇక ఏ పరీక్షా కేంద్రానికీ లేదు. ఈ సంగతి ప్రతి చీఫ్ సూపరింటెండెంట్‌కూ రాతపూర్వకంగా చేరాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ఇంటర్ బోర్డులూ వచ్చే విద్యా సంవత్సరం ప్రవేశాల నోటిఫికేషన్‌లోనే ప్రత్యామ్నాయ సబ్జెక్టుల జాబితా ప్రకటించాలి. దాన్ని ఐదో సబ్జెక్టుగా గుర్తించేలా జోసాతో ముందే మాట్లాడి లిఖితపూర్వక హామీ తీసుకోవాలి. మినహాయింపు కోరే దరఖాస్తు మీద, తల్లిదండ్రులు సంతకం చేసే చోటే, ఆ నిర్ణయం ఏయే కోర్సుల్లో చేరడానికి ఇబ్బంది కావచ్చో తేట తెలుగులో అచ్చు వేయాలి.