కోర్చాక్‌ని ఆఖరి రోజుతోనే గుర్తుపెట్టుకుంటే చాలదు

యానుష్ కోర్చాక్ పేరు విన్నవాళ్లలో చాలామందికి ఆయన జీవితంలో ఒక్క రోజే తెలుసు. 1942 ఆగస్టు మొదటి వారంలో ఒక రోజు. పోలండ్ రాజధాని వార్సాలో నాజీలు యూదుల్ని గోడల మధ్య బంధించిన ఘెట్టోలోని అనాథాశ్రమం నుంచి దాదాపు 200 మంది యూదు పిల్లలు వరసలు కట్టి రైలు పెట్టెల దగ్గరికి నడిచారు. వాళ్లతో పాటు ఆయనా నడిచారు. ఘెట్టో బయటి పోలిష్ మిత్రులు తప్పిస్తామన్నా ఆయన రానన్నారు. అందరినీ ట్రెబ్లింకా అనే నాజీ హత్యా శిబిరంలో చంపేశారు. ఈ కథ చదివి కళ్లు తుడుచుకుంటాం, ఎంత త్యాగం అనుకుంటాం, ఒక దణ్ణం పెట్టి ఊరుకుంటాం.

ఆ దణ్ణంతోనే నాకు పేచీ. త్యాగమూర్తిని చేసేశాక ఆ మనిషి దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఏమీ మిగలదు. ప్రాణం ఇమ్మని మనల్ని ఎవరూ అడగరు కదా! కానీ అంతకుముందు 30 ఏళ్ల పాటు కోర్చాక్ చేసిన పని రేపు పొద్దున ఏ బడిలోనైనా, ఏ హాస్టల్లోనైనా మొదలుపెట్టొచ్చు. మనకి ఇబ్బంది పెట్టేది అదే.

ఆయన అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిట్. వార్సాలో పేరున్న పిల్లల డాక్టరు, రచయిత. ఆసుపత్రి ఉద్యోగం వదులుకుని 1912లో క్రోహ్మాల్నా వీధిలో కొత్తగా కట్టిన యూదు అనాథాశ్రమం బాధ్యత తీసుకున్నారు. రోజువారీగా ఆ ఇంటిని నడిపింది మాత్రం స్టెఫానియా విల్చిన్‌స్కా. ఆమె 1938లో పాలస్తీనా వెళ్లి ఒక కిబ్బుట్జ్‌లో, అంటే యూదులు ఉమ్మడిగా బతికే పల్లెలో ఉన్నారు. అక్కడే ఉండిపోతే బతికేవారు. యుద్ధం ముంచుకొస్తోందని తెలిసీ 1939లో వార్సా తిరిగొచ్చేశారు. ఆ రైలు ఆమె కూడా ఎక్కారు. ఆమె మీద వ్యాసాలు ఎందుకు రావో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇక అసలు సంగతి. ఆ ఇంట్లో పిల్లల కోర్టు ఉండేది. జడ్జిలు ఐదుగురూ పిల్లలే. ఆ వారం ఎవరి మీద కేసు లేదో వాళ్లలోంచి చీటీలు తీసి ఎంచుకునేవాళ్లు. పిల్లలు తోటి పిల్లల మీద కేసు వేయొచ్చు, టీచర్ మీద వేయొచ్చు, కోర్చాక్ మీద కూడా వేయొచ్చు. ఆ కోర్టు చట్టంలో సెక్షన్ల అంకెలు వెయ్యి దాకా పోతాయి. మొదటి 99 సెక్షన్లూ కేసు కొట్టేయడానికో, క్షమించడానికో పెట్టినవే. తెలియక చేశాడా, ఇప్పుడు తెలిసింది కాబట్టి వదిలేద్దాం. పక్కవాళ్లు ఎగదోస్తే చేశాడా, ఇకపై వాళ్ల మాట వినడు, వదిలేద్దాం. ఇదీ దాని ధోరణి. ఆ తర్వాత నూరు, రెండు వందలు, మూడు వందలు అంటూ తీవ్రత పెరుగుతుంది. ఇంట్లోంచి పంపించేయడం అన్నిటికంటే చివర, వెయ్యో సెక్షన్ దగ్గర.

ఆ కోర్టులో కోర్చాక్ ఆరు నెలల్లో ఐదుసార్లు తన మీద తానే కేసు పెట్టుకున్నారు. ఒక కుర్రాడి మీద చెయ్యి చేసుకున్నందుకు. ఇంకొకడిని పడకగదిలోంచి బయటికి పంపేసినందుకు. ఒకడిని మూల నిలబెట్టినందుకు. ఒక జడ్జిని అవమానించినందుకు. దొంగతనం చేశావని ఒక అమ్మాయిని అనుమానించినందుకు. తను సరైన టీచర్‌గా మారడానికి ఈ కేసులే పునాది అని తర్వాత ఆయనే రాసుకున్నారు.

ఈ జాబితాని ఇంకోసారి చదవండి. ఇందులో ఒక్కటైనా మన బడుల్లో తప్పుగా లెక్కకొస్తుందా? మూల నిలబెట్టడం మనకి మామూలు. అనుమానించి అందరి ముందూ సంచీ వెతికించడం మామూలు. దేశమంతా గౌరవించే ఒక డాక్టరు వాటిని నేరాలుగా రాసి, తన దగ్గర తిని పడుకునే అనాథ పిల్లల ముందు తీర్పు కోసం నిలబడ్డారు. ఆ పిల్లలకి వెనక అమ్మానాన్నలు లేరు. ఏం చేసినా అడిగేవాళ్లు లేరు. అడిగే హక్కుని ఆయనే వాళ్ల చేతిలో పెట్టారు. నా దృష్టిలో కోర్చాక్ గొప్పతనం ఇక్కడుంది.

ప్రేమ ఒక్కటే ఉంటే, అది ఎంత త్వరగా పెత్తనంగా మారుతుందో పిల్లలున్న ఇల్లు ఏదైనా చెబుతుంది. అందుకే 1929లో ఆయన పిల్లల హక్కు గురించి పుస్తకం రాసినప్పుడు గౌరవం అనే మాటని ముందు పెట్టారు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని మనం తరతరాలుగా చెప్పుకుంటున్నాం. వంచడానికి నువ్వెవరు అన్నది కోర్చాక్ ప్రశ్న.

1930ల్లో ఆయన పోలిష్ రేడియోలో మాట్లాడేవారు. యూదుడి పేరు వినపడకూడదు కాబట్టి ‘ముసలి డాక్టర్’ అనే చెప్పేవాళ్లు. యూదు ద్వేషం పెరిగి 1936లో ఆ కార్యక్రమమూ ఆగిపోయింది. తర్వాత నాజీలు వచ్చారు. 1940 చివర్లో ఆశ్రమాన్ని ఘెట్టోలోకి మార్చమన్నారు. తరలింపులో పిల్లల బంగాళాదుంపల బండిని జర్మన్లు లాగేసుకుంటే, అడగడానికి నేరుగా వాళ్ల ఆఫీసుకే వెళ్లారు కోర్చాక్. చేతికి యూదు పట్టీ లేదని జైల్లో పెట్టారు. బయటికొచ్చాక రోజూ సంచీ పట్టుకుని ఇంటింటికీ తిరిగి అడుక్కున్నారు. బంగాళాదుంపలు, బియ్యం, మందులు, ఏది దొరికితే అది. నన్నడిగితే ఆ చివరి నడక కంటే ఈ రోజువారీ తిరగడమే కష్టం.

1942 జులై 18న ఆశ్రమం పిల్లలు రవీంద్రనాథ్ టాగూర్ ‘డాక్‌ఘర్’ నాటకం వేశారు. జబ్బు చేసి గదిలోనే ఉండిపోయిన అమల్ అనే పిల్లవాడు కిటికీలోంచి పెరుగు అమ్మేవాడిని, దారిన పోయేవాళ్లని పలకరిస్తూ, రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూసే కథ. పిల్లల్ని చావుకి సిద్ధం చేయడానికే ఆ నాటకం ఎంచుకున్నారని చెబుతారు. అయి ఉండొచ్చు. నేను మాత్రం రిహార్సల్స్ గురించే ఆలోచిస్తాను. కడుపు నిండని పిల్లలు మాటలు కంఠస్థం చేస్తున్నారు, ఎవరికే వేషమో వాదించుకుంటున్నారు, పెద్దవాళ్లని కూర్చోబెట్టి చూపిస్తున్నారు. చుట్టూ ఉన్న ప్రపంచం వాళ్లని మనుషులుగా లెక్కపెట్టడం మానేసిన రోజుల్లో ఆ ఇంట్లో లెక్క మారలేదు. నాలుగు రోజులకే ట్రెబ్లింకాకి సామూహిక తరలింపులు మొదలయ్యాయి.

పిల్లల్ని అంత క్రమంగా నడిపించడం హంతకుల పనిని తేలిక చేసిందని, ముందే తలా ఒకచోట దాచేయాల్సిందని అనేవాళ్లు ఉన్నారు. యూదులకి ఆశ్రయమిస్తే మరణశిక్ష అమల్లో ఉన్న ఊళ్లో, ఒక్క పిల్లవాడిని గోడ దాటించడమే గండం. అనాథల్నైనా వదలమని బతిమాలిన, ఘెట్టోలో జర్మన్లు పెట్టించిన యూదు మండలి అధ్యక్షుడు ఆడమ్ చెర్నియాకుఫ్, ఆ మాట చెల్లక జులై 23న ఆత్మహత్య చేసుకున్నారు. దారి ఉండి కూడా వదులుకున్నారని కోర్చాక్‌ని తప్పుపట్టడం అన్యాయం.

పిల్లల హక్కుల అంతర్జాతీయ ఒప్పందాన్ని 1978లో ప్రతిపాదించింది పోలండే. 1989లో ఐక్యరాజ్యసమితి దాన్ని ఆమోదించింది. 1992లో మన దేశం ఒప్పుకుంది. మన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. కాగితం మీద అంతా ఉంది. నేను చదివిన హాస్టల్లో ఫిర్యాదుల పెట్టె కూడా ఉండేది. దాని తాళంచెవి వార్డెన్ దగ్గరే ఉండేది, మా ఫిర్యాదులన్నీ ఆయన మీదే. మనం రాసే కోచింగ్ హాస్టళ్ల ఆత్మహత్యల వార్తలన్నిట్లో నాకు ఆ తాళంచెవే కనపడుతుంది. ర్యాంకుల టెన్షన్, ఒంటరితనం అని కారణాలు వెతుకుతాం. ఈ పిల్ల తన బాధని ఎవరికి చెప్పుకోవాలి, విన్నవాళ్లు దానికి కట్టుబడతారా అని మాత్రం అడగం. కోర్చాక్ ఆ ప్రశ్నకి ఐదుగురు పిల్లలతో జవాబు చెప్పారు. దానికి డబ్బు అక్కర్లేదు, పెద్దవాళ్లు కాస్త కిందికి దిగితే చాలు.

ట్రెబ్లింకాలో స్మారకంగా దాదాపు 17,000 రాళ్లు నిలబెట్టారు. వాటిలో మనిషి పేరున్నది ఒక్కటే. దాని మీద కోర్చాక్ పేరు పక్కనే ‘పిల్లలు’ అని కూడా ఉంది.

ఆయన డైరీలో చివరి పేజీలు ఆగస్టు 4వి. కిటికీ దగ్గర మొక్కలకి నీళ్లు పోస్తున్నారు. బయట తుపాకీతో ఒక జర్మన్ సైనికుడు నిలబడి చూస్తున్నాడు. తన బట్టతల అతని తుపాకీకి ఎంత మంచి లక్ష్యమో అనుకున్నారు కోర్చాక్. మర్నాడో ఆ మర్నాడో పిల్లల్ని తీసుకుపోబోయే మనుషుల్లో ఒకడికి కూడా ఆయన ఆ మొదటి 99 సెక్షన్లే వెతికారు. డైరీలో ఇలా రాసుకున్నారు: మామూలు రోజుల్లో ఇతను పల్లెటూళ్లో బడిపంతులేమో. నేను చెయ్యి ఊపి పలకరిస్తే ఏం చేస్తాడు? ఇక్కడ ఏం జరుగుతోందో అతనికి తెలియదేమో. నిన్ననే ఎక్కడో దూరం నుంచి వచ్చి ఉంటాడేమో.