మా ఇంటి కొత్త అల్లుడు కరెంటు కారు గారికి

మహారాజశ్రీ అల్లుడు గారికి,

ఉభయకుశలోపరి. తమరు మా ఇంట అడుగుపెట్టి నేటికి పద్నాలుగు నెలలైంది. కొత్త అల్లుణ్ణి ఏడాది తిరిగేదాకా ఒక్క మాటా అనకూడదన్న మర్యాద పాటించి, దానిమీద మరో రెండు నెలలు ఓపిక పట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. నవగ్రహాలు చాలవన్నట్టు అల్లుణ్ణి పదో గ్రహమన్నారు పెద్దలు. ఆ గ్రహశాంతికి పదిహేను యాంపియర్ల సాకెట్ కావలసి వస్తుందని మాత్రం వారు ఊహించి ఉండరు.

తమరికి జరిగిన మర్యాదల్లో లోపమేమీ లేదు. చిన్న పెట్రోలు కారు కొన్నవాడు 18 శాతం, పెద్దది కొన్నవాడు 40 శాతం జీఎస్టీ కడుతుండగా తమరికి 2019 ఆగస్టు నుంచి 5 శాతమే. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు ఆఖరు దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు కూడా మాఫీ చేసింది. ఆకుపచ్చ నంబరు పలక మీద తెల్ల అక్షరాలతో తమరు గేటు దాటి లోపలికి వస్తుంటే, అంతవరకు నన్ను పలకరించని మూడో అంతస్తు వారు కూడా చేతులు కట్టుకుని నిలబడి, భూగోళాన్ని కాపాడుతున్నందుకు నన్ను అభినందించారు. ఆ మరునాడే, తమరి సాకెట్‌కు కరెంటు ఎవరి మీటరు నుంచి లాగాలన్న ప్రశ్న మీద అపార్టుమెంటు కమిటీ మూడు గంటలు సమావేశమైంది. అదే మూడో అంతస్తు వారు, కారు పేలితే బాధ్యులెవరో కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నారు. పెట్టాను. సాకెట్ అయితే వచ్చింది గాని, ఖాళీ బ్యాటరీ దాని మీద నిండాలంటే సుమారు పదిహేను గంటలు పడుతుందని ఆ తర్వాత తెలిసింది. మా నాయనమ్మ రాతిరోట్లో పప్పు రుబ్బుతున్నప్పుడు కూడా ఇంత నిదానం చూడలేదు.

అసలు సంగతి సంక్రాంతి ప్రయాణం. కొనేటప్పుడు ఇచ్చిన రంగుల కాగితంలో, ఒక్కసారి నింపితే నాలుగు వందల యాభై కిలోమీటర్లని ఉంది. ఆ అంకెను నమ్మి, నలుగురం, నాలుగు పెట్టెలు, రెండు డబ్బాల అరిసెలతో, ఏసీ వేసుకుని విజయవాడకు బయలుదేరాము. చౌటుప్పల్ దాటేసరికే అంకె కరగడం మొదలైంది. మొదట ఏసీ ఆపాము, తర్వాత పాటలు ఆపాము, నార్కట్‌పల్లి దగ్గర మా ఆవిడ మాట్లాడడం ఆపింది. సూర్యాపేటలో ఒక హోటలు ఆవరణలో ఛార్జింగ్ కేంద్రం ఉందని ఫోను చెప్పింది. ఉన్నమాట నిజమే. కారుకు తగిలించే రెండు ఛార్జింగ్ గన్నుల్లో ఒకటి పనిచేయదని అట్టముక్క మీద రాసి వేలాడదీశారు. రెండోదాని ముందు నాలుగు కార్లు, ఒక్కోదానికి ముప్పావు గంట. వంతు వచ్చాక, ఆ కేంద్రానికి ప్రత్యేకమైన యాప్ ఎక్కించుకుని, అందులో ముందుగా డబ్బు వేసి, ఓటీపీ కోసం ఎదురుచూసే అదృష్టం కలిగింది. పెట్రోలు బంకులో ఐదు నిమిషాల్లో పోయించుకుని వెళ్లిపోయేవారు మా వైపు చూసిన చూపులో జాలే కనిపించింది గాని వెక్కిరింత లేదు. అదే ఎక్కువ బాధించింది. ఒక్క మాట తమరి పక్షాన చెప్పాలి. ఆ మూడున్నర గంటల్లో మేము తిన్న పెసరట్లు జీవితంలో ఎన్నడూ అంత నింపాదిగా తినలేదు.

చీకటి పడుతుండగా విజయవాడ పొలిమేర చేరుకున్నాము. ఇబ్రహీంపట్నం దగ్గర నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనిపించగానే మా మనవరాలు, "తాతయ్యా, మన కారుకు పొగ రాదు కదా, మరి అదెవరి పొగ?" అని అడిగింది. అల్లుడు గారూ, ఆ ప్రశ్నకు జవాబు తమరే చెప్పవలసింది. ఈ దేశంలో పుట్టే కరెంటులో ఇప్పటికీ సుమారు 70 శాతం బొగ్గుదే. తమరు భోజనం చేసి చేతులు కడుక్కుని తెల్లచొక్కాతో హాల్లో కూర్చుంటారు, వంటింటి మసి మాత్రం రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం వారి ముఖాన ఉంటుంది. కర్నూలు దగ్గర ఓర్వకల్లు ప్రాంతంలో 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉన్నమాట నిజమే. అయితే అది పగటిపూట పనిచేస్తుంది, తమరు రాత్రిపూట భోంచేస్తారు.

తమరి మీద అపనింద వేయకూడదని ఇంటికి వచ్చి కాగితం, కలం తీసుకుని లెక్క వేశాను. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పుడుతుంది. లీటరుకు పదిహేను కిలోమీటర్ల చొప్పున, కిలోమీటరుకు 150 గ్రాములు. మన గ్రిడ్డు కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు. తమరు యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు నడుస్తారు గనుక 100 గ్రాములు. బొగ్గు తిని కూడా తమరు యాభై గ్రాములు మిగులుస్తున్నారు, ఒప్పుకున్నాను. పెట్రోలును శుద్ధి చేసి బంకుకు చేర్చడంలో పుట్టే వాయువు కూడా కలిపితే మరికొంచెం మేలే. కానీ తమరి బ్యాటరీ పుట్టేటప్పుడే సుమారు మూడు టన్నుల వాయువు అప్పు నెత్తిన పెట్టుకుని వస్తుంది. కొన్ని రకాల బ్యాటరీల్లో వాడే కోబాల్టులో సింహభాగం కాంగో గనులది, లిథియం కోసం చిలీ ఎడారిలో ఉప్పునీటిని తోడి ఎండబెడతారు, ఆ కథ మరో ఉత్తరానికి సరిపోతుంది. ఆ మూడు టన్నులు యాభై గ్రాముల వాయిదాల్లో తీరాలంటే అరవై వేల కిలోమీటర్లు తిరగాలి. డబ్బు లెక్కా చిత్రంగా అక్కడికే వచ్చింది. పన్నులు మాఫీ అయ్యాక కూడా తమరికి పెట్రోలు కారు కంటే మూడు లక్షలు ఎక్కువ ఇచ్చాను. ఇంట్లో ఛార్జింగు పెట్టుకుంటే కిలోమీటరుకు ఐదున్నర రూపాయలు మిగులుతుంది. యాభై ఐదు వేల కిలోమీటర్లకు గాని పెట్టిన అసలు తిరిగి రాదు.

విశ్రాంత ఉద్యోగిని. రోజుకు పదిహేను కిలోమీటర్లు, అదీ కూరగాయలకు, గుడికి, బ్యాంకుకు. ఏడాదికి ఐదున్నర వేల కిలోమీటర్లు. డబ్బు అప్పు తీరడానికి పదేళ్లు, వాయువు అప్పు తీరడానికి పదకొండు. బ్యాటరీకి కంపెనీ ఇచ్చిన హామీ ఎనిమిదేళ్లు. అంటే ఆరోగ్యంగా ఉన్న అల్లుణ్ణి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టి మేపుతున్నది నేనే. తప్పు తమరిది కాదు. 2022 సెప్టెంబరులో తిరుపతి నుంచి తిరుమలకు మొదలైన కరెంటు బస్సులు తమరి వంశంవే. అవి రోజంతా వందలాది భక్తులను కొండెక్కిస్తాయి, దిగేటప్పుడు ఎక్కడానికి తిన్నదాంట్లో కొంత బ్యాటరీకి తిరిగి పోసుకుంటాయి. తమరి కులంలో పనిమంతులు లేరని ఎవరనగలరు?

అందుచేత నిర్ణయం తీసుకున్నాను. నరసరావుపేటలో ఉన్న మా అసలు అల్లుడు మందుల కంపెనీ ప్రతినిధి. పల్నాడు జిల్లా అంతా రోజుకు నూట ఇరవై కిలోమీటర్లు తిరుగుతాడు, సొంత ఇల్లు, వాకిట్లో సొంత మీటరు, పైన సోలారు పలకలు, ఆదివారాలు పగలంతా కారు ఇంటి పట్టునే. తమరి అప్పులన్నీ రెండేళ్లలో తీర్చేస్తాడు. వచ్చే ఆదివారం తమరిని అతనికి అప్పగిస్తున్నాము. అతని పాత పెట్రోలు కారు అమ్మేస్తున్నాడు. నాకు మెట్రో ఉంది, ఆర్టీసీ బస్సుంది, గుడికి కాళ్లున్నాయి.

ఇట్లు,
తమరి శ్రేయోభిలాషి,
మామగారు

తా.క.: సాకెట్ మాత్రం తమరితో పంపడం లేదు. దాని కింద మా ఆవిడ అప్పుడే గ్రైండరు పెట్టింది. మూడో అంతస్తు వారు ఆ కరెంటు ఎవరి మీటరుదని మళ్లీ అడుగుతున్నారు.