గార్డు తీసేయమన్న మహానుభావుడికి

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది ఆరోసారి. మా బావమరిది అయితే, "బావా, నువ్వు ఏడాదిన్నరగా కిందామీదా పడుతున్నది వీళ్లు ఒక్క ఆదివారంలో తేల్చేశారు" అని పైన ఒక ముక్క కూడా రాశాడు. సంగతేమిటంటే, చేత్తో పట్టుకుని ఇనుము కోసే నాలుగించుల యాంగిల్ గ్రైండర్‌తో ఇంట్లోనే టూల్ అండ్ కట్టర్ గ్రైండర్, అంటే మిషన్ల టూళ్లకు కొలత ప్రకారం సాన పట్టే యంత్రం, చేసేసుకోవచ్చట. ఎండ్ మిల్లులు (లోహాన్ని చెక్కే పళ్ల కట్టర్లు), డ్రిల్లులు, కార్బైడ్ అనే అతిగట్టి పదార్థపు టూళ్లు అన్నీ మనమే సాన పట్టుకోవచ్చట, హైదరాబాద్ బాలానగర్ దాకా పోనక్కర్లేదట.

ఇంట్లో చేయలేమని నేననను. ఇంగ్లండ్‌లో ప్రొఫెసర్ చాడక్ 1970ల్లో ఇంటి వర్క్‌షాపుల కోసమే క్వోర్న్ అనే యంత్రాన్ని గీసిచ్చాడు. ఇప్పటికీ జనం చేసుకుంటున్నారు. ఆదివారంలో మాత్రం కాదు.

ఆ మెసేజ్‌లోని పాయింట్లు ఒక్కొక్కటే చూద్దాం. "డ్రాయర్ చానెళ్లే స్లైడ్." అంటే టూలుని అటూ ఇటూ జరిపే భాగం. ఒకసారి పక్కకు ఊపి చూడండి, ఎంత ఆట ఉందో చేతికే తెలుస్తుంది. ఎండ్ మిల్లు పళ్లన్నీ ఒకే ఎత్తుకు రావాలంటే మిల్లీమీటరులో వందో వంతుల లెక్క. ఆ డ్రాయర్లో బనీన్లు పెట్టుకోండి.

"పాత మిక్సీ మోటారైనా పనికొస్తుంది." అది చట్నీ అయ్యేంతసేపు తిరగడానికి చేసింది.

ఇక అసలుది, గార్డు సంగతి. గార్డంటే రాయి పగిలితే ముక్కలు మన మీదికి రాకుండా ఆపే రేకు తొడుగు. "గార్డు అడ్డమొస్తుంది కాబట్టి తీసేసి, బెంచి గ్రైండర్ ఆరించుల రాయి బిగించండి. బోరు (నడిమి రంధ్రం) పెద్దదైతే టేపు చుట్టండి." ఇది రాసినవాడు రాయి పగలడం ఎప్పుడూ చూసి ఉండడు. బెంచి గ్రైండర్ మన కరెంటు మీద నిమిషానికి సుమారు 2,800 చుట్లు (ఆర్పీఎం) తిరుగుతుంది. యాంగిల్ గ్రైండర్ 11,000. అంటే దగ్గర దగ్గర 4 రెట్లు. రాయిని చీల్చే బలం వేగంతో పాటు పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. అంటే సుమారు 15 రెట్లు. ఆ ఆరించుల రాయి అంచు సెకనుకు 86 మీటర్లు పోతుంది, గంటకు 300 కిలోమీటర్ల పైమాటే. మామూలు రాయి 35 మీటర్ల లోపు వేగానికి చేసింది. గరిష్ఠ ఆర్పీఎం ఎంతో దాని మీద కాగితంలోనే అచ్చేసి ఉంటుంది, చదివితే! దానికి తోడు టేపు చుట్టి, సెంటరు తప్పించి, గార్డు కూడా తీసేసి, ముందు మొహం పెట్టి కూర్చోవాలన్నమాట. క్వోర్న్‌లో రాయి బిగించే ఇరుసు (స్పిండిల్) వేరు, మోటారు వేరు, మధ్యలో బెల్టు. పుల్లీ మార్చి రాయికి తగ్గ వేగం పెట్టుకోవచ్చు. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, రాయిని కూడా బిగించేముందు చెక్క పిడితో అలాగే కొట్టి వినాలి. ఖంగుమనకపోతే పక్కన పారేయాలి. మెసేజ్‌లో ఆ ముక్క లేదు. టేపు ఏ రంగుదో మాత్రం ఉంది.

"కార్బైడ్ కూడా అదే రాయి మీద, మధ్యమధ్యలో నీళ్లలో ముంచుతూ." ఆ బూడిదరంగు రాయి కార్బైడ్‌ని కొయ్యదు, రుద్ది వేడెక్కిస్తుంది. వేడెక్కినదాన్ని నీళ్లలో ముంచితే పగుళ్లు. దానికి పచ్చ రాయి కావాలి, ఇంకా మంచిది డైమండ్ వీల్. కార్బైడ్ దుమ్ములో కోబాల్ట్ అనే లోహం ఉంటుంది, ఊపిరితిత్తులకు చేటు. మాస్కు లేకుండా పట్టొద్దు.

"ఫ్లూట్లు (కట్టరు మీది మెలి గాడులు) చేత్తో తిప్పుతూ పట్టొచ్చు." ఆహా! పట్టే పన్నుని కిందినుంచి ఆపే వేలు, అదే టూత్ రెస్ట్, లేకుండానా? 20 మిల్లీమీటర్ల కట్టరుకు 6 డిగ్రీల క్లియరెన్స్ (పంటి అంచు వెనక వాలు) రావాలంటే కప్పు ఆకారపు రాయి (కప్ వీల్) మీద ఆ వేలిని సెంటరుకు 1.05 మిల్లీమీటర్లు కిందికి దించాలి. చేత్తో దించుతారేమో, సిద్ధహస్తులు.

చివరి పాయింటు: "హెచ్ఎస్ఎస్ టూలు నీలం తిరిగిందని పారేయకండి." హెచ్ఎస్ఎస్ అంటే హై స్పీడ్ స్టీలు, సాన పట్టేటప్పుడు వేడికి నీలం రంగు తిరుగుతుంది. ఆ పాయింటు చదివి వెక్కిరిద్దామనే కూర్చున్నాను. కానీ నిజం. నీలం తిరిగితే మెత్తబడేది పాత కార్బన్ స్టీలు. హెచ్ఎస్ఎస్ కొలిమిలో 550 డిగ్రీల దాకా టెంపర్ అయి (వేడితో గట్టితనం కుదిరి) వచ్చిందే, 300 డిగ్రీల నీలం దాన్నేం చేయదు. ఈ సంగతి తెలియక నేను మంచి టూళ్లు మూడు చెత్తలో వేశాను.

ఇదంతా బావమరిదికి పంపాను. "గార్డు ఎక్కడ పెట్టానో గుర్తు లేదు బావా, వెతకాలి" అన్నాడు.